గీతయు, తారతమ్యమును: ఫుట్‌బాలు తీర్పులపై నొక సమీక్ష

మనుష్యుడు వినోదార్థము కల్పించుకొనిన క్రీడలలో న్యాయనిర్ణేత పలికిన ఒక్క మాటకు ఫుట్‌బాలునందున్నంత బరువు మరి యే క్రీడయందును కానరాదు. క్రికెట్టులో అంపైరు పొరపాటున నొక బ్యాట్స్‌మనును అవుటని పంపివేసినను, వెనుక వచ్చువారు తీయు పరుగులు ఆ పొరపాటును కప్పివేయవచ్చును. కబడ్డీలో నొక పాయింటు అన్యాయముగా పోయినచో, కొంతసేపటికే ఇంకొక కూతకు వెళ్లి దానిని రాబట్టుకొనవచ్చును. ఫుట్‌బాలునందు అట్టి వెసులుబాటు బహుస్వల్పము. 22 మంది 90 నిమిషములు పరుగులెత్తి, ఒకటి రెండు గోల్స్‌తోనో, ఒక్కొక్కప్పుడు అదియు లేకయో ముగించు నీ యాటలో, 11 మీటర్ల దూరమునుండి తన్నుటకు ఇచ్చిన యొక పెనాల్టీ గాని, ఈయవలసిన చోట ఈయక విడిచిన యొక ఫౌలు గాని, అంతవరకు పడిన శ్రమనంతటిని తారుమారు చేయగలదు.

తిరుపతిలో శేషాచలము చెంతనున్న శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు మైదానమునందు గాని, చిత్తూరులో నేదేని పాఠశాల యావరణమునందు గాని పోటీ బిగువుగా సాగునపుడు ఈ సంగతి కన్నులకు కట్టును. రెఫరీగా నిలుచునది తరచుగా నొక వ్యాయామోపాధ్యాయుడు. గీతల వెంబడి జెండాలు పట్టుకొనునది ఆయన శిష్యులో, జట్టులో చోటు దొరకని పిల్లలో. ఆయన ఈల యూదగానే ఒకవైపునుండి ‘ఏం సార్, అదేం ఫౌలు సార్!’ అనియు, వేరొకవైపునుండి ‘కార్డు తీయండి సార్, కార్డు!’ అనియు కేకలు లేచును. ఆ క్షణమున ఆయనకు తోడు రెండు కన్నులు, ఒక ఈల, జేబులోని రెండు రంగుల అట్టముక్కలు మాత్రమే. ప్రపంచకప్పు రెఫరీకైతే చెవిలో మాటలాడు సహచరులును, నలుదిక్కుల కెమెరాలును కలవు. అయినను వారిరువురిపై బడు నిందలు ఒక్కతీరుగనే యుండుట గమనింపదగినది. యంత్రములు పెరిగినకొలది తగవులు తగ్గుటకు మారుగా రూపము మాత్రమే మార్చుకొనుచున్నవా యను సందేహమే ఈ సమీక్షకు కారణము.

ఆ సందేహమును తీర్చుకొనుటకు ముందుగా నొక విభాగము చేసికొనవలసియున్నది. రెఫరీ నెదుర్కొను ప్రశ్నలన్నియు ఒక్క జాతివి కావు. బంతి గీత దాటినదా, బంతి నందించిన క్షణమున ఆటగాడు ఆఫ్‌సైడులో నుండెనా, తప్పు పెనాల్టీ పెట్టెకు లోపల జరిగినదా వెలుపల జరిగినదా యనునవి గీతకు సంబంధించిన ప్రశ్నలు. వానికి సమాధానమొక్కటే, సరియైన చోటనుండి చూచినవాడు దానిని చెప్పగలడు. ఆ తాకిడి ఫౌలగునా, ఫౌలైనచో కార్డునకు తగినదా, చేయి కావలెనని చాచినదా యనునవి తారతమ్యమునకు సంబంధించిన ప్రశ్నలు. వాని సమాధానము కన్ను చూచినదానితో ముగియక, చూచినదానిని విచారించు వివేకముపై నాధారపడును. చిత్తూరు బెల్లపు మండీలో దిమ్మె యెంత తూగునో కాటా చెప్పును గాని, అది యే రకమో, యే ధరకు తగునో చెప్పుటకు చేయితిరిగిన వర్తకుడే కావలెను. ఫుట్‌బాలు తీర్పులపై చెలరేగు వాదములలో పెక్కు, కాటా చెప్పవలసినదానిని వర్తకుని చేతను, వర్తకుడు చెప్పవలసినదానిని కాటా చేతను చెప్పింపబూనుటవలన పుట్టినవని నా యభిప్రాయము.

మాటనుండి ఈలకు

నియమోల్లంఘనమును గూర్చిన వివాదము మనకు క్రొత్తది కాదు. భారతమునందలి గదాయుద్ధమున భీముడు దుర్యోధనుని తొడలు విరుగగొట్టినపుడు, నాభికి దిగువ కొట్టరాదను నియమమును ఎత్తిచూపి ఆగ్రహించినవాడు ఆ యిరువురికిని గురువైన బలరాముడు. శ్రీకృష్ణుడాతనిని శాంతింపజేయుచు భీముని ప్రతిజ్ఞను, మైత్రేయుని శాపమును, కౌరవులు చేసిన పూర్వాపచారములను ముందుంచెను. తిక్కన తెనిగించిన ఆ ఘట్టమును చదువువారికి రెండు వాదములయందును బలమున్నట్లే తోచును. కాని ఫుట్‌బాలు శాసనము నిస్సంకోచముగా బలరాముని పక్షమునే వహించినది. ఎదుటివాడు మొదటి సగములో చీలమండను త్రొక్కెనన్నది రెండవ సగములో వాని కాలు పడగొట్టుటకు హక్కు కాజాలదు. ఒక్కొక్క తాకిడియు తన తప్పొప్పులతోనే విచారింపబడవలెను.

చిత్తూరు ప్రాంతమువారికి, సాక్షులులేని తగవును తెంచుకొనుటకు మరియొక మార్గము తరతరములుగా తెలియును. కాణిపాకమునకు పోయి, కోనేట మునిగి, వరసిద్ధి వినాయకుని యెదుట ప్రమాణము చేయుటయే అది. ఆ పద్ధతిలో న్యాయాధిపతి యెవడో కాదు, ప్రమాణము చేయువాని యంతరాత్మయే. ఫుట్‌బాలు కూడ తొలుత ఇట్టి విశ్వాసముపైననే నడచినది. 1863లో లండనులో ఫుట్‌బాల్ అసోసియేషను వ్రాసికొనిన తొలి నియమములలో రెఫరీ ప్రసక్తియే లేదు; పెద్దమనుషులాడు ఆటలో తగవు వచ్చినచో నాయకులిద్దరు మాటలాడుకొని తీర్చుకొందురని వారి నమ్మకము. ఆ నమ్మకము సడలగా, ఒక్కొక్క పక్షమున కొక్కొక్క అంపైరును, వారిరువురికి పొసగనపుడు చెప్పుటకు మైదానము వెలుపల రెఫరీని నియమించిరి. 1886లో ఏర్పడిన అంతర్జాతీయ ఫుట్‌బాలు సంఘమండలి 1891లో రెండు మార్పులు చేసినది: ఐర్లండునకు చెందిన విలియం మెక్రమ్ అను గోలుకీపరు ప్రతిపాదించిన పెనాల్టీని అంగీకరించుట యొకటి, రెఫరీని మైదానములోనికి రప్పించి, అంపైర్లను గీతల చెంతకు పంపుట రెండవది. పెద్దమనిషి బుద్ధిపూర్వకముగా తప్పు చేయునని శాసనమే యూహించుట తమకు అవమానమని నాటి ఇంగ్లండు ఔత్సాహిక క్రీడాకారులు కొందరు పెనాల్టీని ఈసడించిరి. వారి అభిమానము మెచ్చదగినదే గాని, ఆటలోనికి జీతములును బహుమతులును ప్రవేశించిన పిమ్మట అంతరాత్మ నొక్కదానిని నమ్ముకొనుట సాధ్యపడలేదు.

కార్డుల కథయు ఇట్టిదే. 1966 ప్రపంచకప్పులో ఇంగ్లండుతో నాడిన పోటీయందు అర్జెంటీనా నాయకుడైన రాటిన్‌ను జర్మను రెఫరీ క్రైట్‌లైన్ బయటకు పంపగా, ఒకరి భాష యొకరికి తెలియక, రాటిన్ చాలసేపు మైదానము వీడకుండెను. ఆ గందరగోళమును చూచిన రెఫరీల యధికారి కెన్ ఆస్టన్, వీధికూడలిలోని దీపముల రంగులను తలచుకొని పసుపు, ఎరుపు కార్డులను కల్పించెను. 1970 మెక్సికో ప్రపంచకప్పునుండి అవి వాడుకలోనికి వచ్చినవి. తీర్పు సరియైనంతమాత్రమున చాలదు, అది యందరికిని బోధపడవలెనను సూత్రము ఆనాడే స్థిరపడినది.

శాసనము చెప్పునది

గీత వెంబడి నిలిచి వాదించువారిలో పన్నెండవ నియమమును చదివినవారు మిక్కిలి తక్కువ. ఆ నియమము తాకిడిని మూడు మెట్లుగా విభజించినది. అజాగ్రత్తవలన జరిగిన తాకిడి ఫౌలు మాత్రమే, దానికి కార్డు లేదు. ఎదుటివానికి కలుగు ప్రమాదమును లెక్కసేయని తెంపరితనమునకు పసుపు కార్డు. మితిమీరిన బలమును ప్రయోగించి యెదుటివాని దేహమునకు ముప్పు తెచ్చినచో ఎరుపు కార్డు. ఈ మూడు మెట్ల నడుమ గీచిన గీత యెందును లేదు. ఎంత దూరమునుండి వచ్చెను, ఎంత వేగమున వచ్చెను, అరికాలు పైకి లేచియుండెనా, బంతిని అందుకొను అవకాశము నిజముగా నుండెనా యను లక్షణములను కూర్చుకొని రెఫరీ నిర్ణయించుకొనవలసినదే. మన మైదానములలో నిత్యము వినవచ్చు ‘ముందు బాలే తగిలింది సార్’ అను వాదము శాసనమునందు ఎచ్చటను లేదు. బంతిని ముందుగా తాకినను, వెనువెంటనే యెదుటివాని చీలమండను విరుగదన్నినచో అది ఫౌలే, ఎరుపు కార్డునకు తగిన ఫౌలు కూడ కావచ్చును.

చేతికి బంతి తగులుట మరింత చిక్కైన విషయము. బంతి చేతికి తగిలిన ప్రతిసారియు తప్పు కాదు. బుద్ధిపూర్వకముగా తగిలించుకొనినను, చేతిని అసహజముగా చాచి దేహమును పెద్దది చేసికొనినను తప్పగును; తన చేతికి తగిలి నేరుగా గోలు పడినచో, అది యనుకోకుండ జరిగినదైనను ఆ గోలు చెల్లదు. ఇందు ‘అసహజము’ అన్నది తారతమ్యమే. ఎగిరి దూకువాని చేతులు దేహమునకు అంటిపెట్టుకొని యుండవు. జారిపడువాడు చేయి నేలకు ఊతగా పెట్టక మానడు. ఇటీవల కొన్ని సంవత్సరములలోనే ఈ నియమపు మాటలను పలుమార్లు మార్చి వ్రాసిరనుటయే, మాటలతో దీనిని బంధించుట యెంత కష్టమో తెలుపుచున్నది.

అడ్వాంటేజి యను విధానము రెఫరీ వివేకమునకు నిజమైన పరీక్ష. తప్పు జరిగినను, ఈల యూదినచో తప్పు చేసినవానికే మేలు జరుగునని తోచినపుడు, రెఫరీ చేతులు ముందునకు చాచి ఆటను సాగనిచ్చును. ఆశించిన లాభము కొలది క్షణములలో కలుగనిచో వెనుకటి తప్పునకు ఈల యూదును. చూచువారికి ఆయన నిద్రించినట్లు కనబడవచ్చును. నిజమునకు ఆయన ఆ క్షణముననే అందరికంటె మెలకువగా నున్నాడు. అట్లే, గోలు చేయు స్పష్టమైన అవకాశమును ఫౌలుతో చెరిచినవానికి ఎరుపు కార్డు విధింపబడును. కాని పెనాల్టీ పెట్టె లోపల, బంతికొరకై నిజముగా ప్రయత్నించి తప్పు చేసినచో, 2016లో చేసిన మార్పు ననుసరించి పసుపు కార్డు చాలును. పెనాల్టీ, వెలివేత, తరువాతి పోటీకి నిషేధము అను మూడు శిక్షలను ఒక్క తప్పునకు విధించుట అధికమని శాసనకర్తలు గ్రహించిరి.

గీతల తగవులు

భారతీయులకు మరపురాని ఉదాహరణము 2024 జూన్ 11వ తేదీన ఖతార్‌లో జరిగినది. ప్రపంచకప్పు అర్హత పోటీలలో మూడవ దశకు చేరుటకు భారతదేశమునకు ఆనాడు గెలుపు చాలియుండెను. సునీల్ ఛెత్రి కొలది దినములకు ముందే అంతర్జాతీయ క్రీడనుండి విరమించెను. గుర్‌ప్రీత్ సింగ్ సంధు నాయకత్వమున ఆడిన జట్టు, ఛాంగ్‌టే చేసిన గోలుతో ముందంజలో నుండెను. 73వ నిమిషమున గుర్‌ప్రీత్ ఆపిన బంతి గోలుపక్కగా గీతను పూర్తిగా దాటిపోయెను. ఖతారు ఆటగాడు దానిని వెలుపలనుండి లోపలికి లాగగా, యూసెఫ్ ఐమెన్ గోలులోనికి తన్నెను. మన ఆటగాండ్రు చేతులెత్తి మొరపెట్టుకొనినను దక్షిణ కొరియా రెఫరీ గోలునే ప్రకటించెను. ఆ దశలో వీడియో రెఫరీ లేడు. పిమ్మట ఖతారు మరియొక గోలు చేసి 2–1తో గెలిచెను. భారతదేశము పోటీనుండి తొలగిపోయెను. భారత ఫుట్‌బాలు సమాఖ్య చేసిన ఫిర్యాదు ఫలితమును మార్చలేకపోయెను.

ఇందు తారతమ్యమేమియు లేదు. బంతి యంతయు గీతను నేలపై గాని, గాలిలో గాని దాటినచో అది ఆటలో లేదని తొమ్మిదవ నియమము స్పష్టముగా చెప్పుచున్నది. ఆ ఖతార్‌లోనే, సుమారు ఏడాదిన్నరకు ముందు, 2022 ప్రపంచకప్పులో జపాను స్పెయిను జట్లు తలపడినపుడు, మితోమ గీతపైనుండి వెనుకకు లాగిన బంతి దాటిపోయినదని చూచినవారందరు అనుకొనగా, కెమెరాలు దాని అంచు మిల్లీమీటర్ల కొలతలో గీతపైననే యుండెనని తేల్చినవి. ఆ గోలు చెల్లినది, జపాను గెలిచినది. ధనికుల పోటీలో మిల్లీమీటర్లకు న్యాయము దొరకగా, తరువాతి మెట్టు పోటీలో బంతియంత యెడమునకు దొరకకపోయెను. ఈ వైషమ్యమే 2024 నాటి ఆ ఘటనలో అసలైన అన్యాయము; తప్పు చేసిన రెఫరీని తిట్టుటతో అది తీరునది కాదు.

ఈ జాతి తగవులకు పూర్వచరిత్ర దీర్ఘమైనది. 1966 ప్రపంచకప్పు తుదిపోటీలో ఇంగ్లండు ఆటగాడు హర్‌స్ట్ తన్నిన బంతి అడ్డుకఱ్ఱకు తగిలి నేలబడి తిరిగి వచ్చినపుడు, స్విట్జర్లండు రెఫరీ డీన్‌స్ట్, అజర్‌బైజానునకు చెందిన లైన్స్‌మన్ బహ్రామోవ్‌ను అడిగి గోలునిచ్చెను. ఆ బంతి గీత దాటినదా యను చర్చ నేటికిని ముగియలేదు. 2010లో జర్మనీతో నాడుచు 2–1తో వెనుకబడియున్న ఇంగ్లండు పక్షమున లాంపార్డ్ కొట్టిన బంతి గోలులోపల స్పష్టముగా పడినను రెఫరీ చూడలేదు. ఆ పొరపాటు గోలుగీత యంత్రముల రాకకు దారితీసి, 2012లో అంతర్జాతీయ సంఘమండలి వానికి అనుమతినిచ్చెను. 2014 ప్రపంచకప్పులో అవి నెలకొన్నవి. అప్పటినుండి, ఆ యంత్రములున్న చోట్ల ఈ తగవు దాదాపు అదృశ్యమైనది. గీత ప్రశ్నలను యంత్రమునకు అప్పగించుటవలన రెఫరీ గౌరవము తగ్గునని శంకించినవారి మాటను అనుభవము సమర్థింపలేదు.

మనిషి కన్ను గీత విషయమున పొరబడుటకు కారణము పక్షపాతము కానక్కరలేదు. ఆఫ్‌సైడును గూర్చి హాలండు పరిశోధకులు 2000లో ప్రకటించిన యధ్యయనము చూపినట్లు, సహాయక రెఫరీ చివరి రక్షకునితో సమరేఖలో నుండక ఒక గజము ముందు వెనుకలైనను, చూచు కోణమువలననే ఆటగాండ్ర స్థానములు తారుమారుగా కనబడును. జెండా ఎత్తిన పిల్లవానిని తిట్టు మన ప్రేక్షకులు ఈ సంగతిని తెలిసికొనవలసియున్నది. వానికి ముందుగా నేర్పవలసినది నియమములకంటె నిలువవలసిన చోటు.

తారతమ్యపు తగవులు

1982 ప్రపంచకప్పు ఉపాంత్య పోటీలో, సెవిల్ నగరమున, పశ్చిమ జర్మనీ గోలుకీపరు షూమాకర్ పరుగెత్తివచ్చుచున్న ఫ్రాన్సు ఆటగాడు బాటిస్టన్‌పైకి ఎగిరి ఢీకొనగా, బాటిస్టన్ దంతములూడి స్మృతిదప్పెను. డచ్చి రెఫరీ కోర్వర్ ఫౌలు కూడ ఈయక గోలుకిక్కునకు చూపెను. పశ్చిమ జర్మనీ షూటౌటులో గెలిచినది. నేటి శాసనదృష్టితో చూచినచో అది నిస్సంశయముగా ఎరుపు కార్డే. ఇట్టి ఘోరమైన పొరపాట్ల విషయమున వీడియో సాయము ధర్మమే. గోలు, పెనాల్టీ, నేరుగా చూపు ఎరుపు కార్డు, ఒకనికి మారుగా వేరొకని శిక్షించుట అను నాలుగింట స్పష్టమైన పొరపాటును మాత్రమే దిద్దుట వీఏఆర్ అను పేర 2018 ప్రపంచకప్పులో ప్రవేశించిన విధానపు మూలసూత్రము.

చిక్కంతయు ఆ ‘స్పష్టమైన’ యను విశేషణముతో వచ్చినది. తాకిడిని మందగతిలో చూపినపుడు అది యున్నదానికంటె క్రూరముగా కనబడును. కావలెనని చేసినట్లు తోచును. ఐరోపా అగ్రశ్రేణి రెఫరీలపై జరిపి 2018లో ప్రకటించిన యొక పరిశోధనలో, మందగతి చిత్రములను చూచినవారు అసలు వేగమున చూచినవారికంటె కఠినమైన కార్డులను విధించిరి. ఫౌలు జరిగినదా లేదా యను నిర్ణయమునందు మాత్రము మందగతివలన లాభమేమియు కలుగలేదు. తాకిన చోటును మందగతి చూపగలదు, తాకిన బలమును చూపజాలదు. కావున మందగతిని గీత ప్రశ్నలకు పరిమితముచేసి, బలప్రశ్నలను సహజవేగముననే చూచుట యుచితము.

తారతమ్యమును చెరుపు మరియొక శక్తి ప్రేక్షకుల కోలాహలము. ఇంగ్లండులో 40 మంది అర్హులైన రెఫరీలకు ఒకే పోటీనుండి తీసిన తాకిడులను, కొందరికి గుంపుకేకలతోను, కొందరికి నిశ్శబ్దముగాను చూపగా, కేకలు వినినవారు స్వస్థలపు జట్టుపై సుమారు 15 శాతము తక్కువగా ఫౌళ్లు విధించిరని 2002లో వెల్లడియైనది. స్పెయిను లీగును పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞులు, స్వస్థలపు జట్టు ఒక్క గోలు వెనుకబడియున్నపుడు రెఫరీలు అదనపు సమయమును ఎక్కువగా నిచ్చుచున్నారని 2005లో చూపిరి. కోవిడు కాలమున ఖాళీ మైదానములలో ఆటలు జరిగినపుడు అతిథి జట్లకు పడు కార్డులలోని యాధిక్యము తగ్గుట ఈ నిర్ణయమును బలపరచినది. లంచమును, దురుద్దేశమును ఊహింపనక్కరలేదు. వేయి గొంతుకలు ఒక్కమారు ‘కాదు’ అన్నపుడు సందేహమున నున్న మనస్సు ఒకవైపునకు ఒరుగుట మానవసహజము. గీత వెంబడి ప్రేక్షకులు రెఫరీకి అడుగు దూరమున నిలుచు మన మైదానములలో ఈ ఒత్తిడి మరింత యధికమని వేరుగా చెప్పనేల?

తీర్పు సరియైనను తృప్తి కలుగని సందర్భములును కలవు. 2010 ప్రపంచకప్పులో ఘానా గోలు పడబోవుచుండగా ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ చేతులతో బంతి నాపెను. రెఫరీ ఎరుపు కార్డు చూపి పెనాల్టీనిచ్చెను. శాసనము కోరినదంతయు జరిగినది. కాని జ్యాన్ కొట్టిన పెనాల్టీ అడ్డుకఱ్ఱకు తగిలినది, పిమ్మట షూటౌటులో ఘానా ఓడెను. ఇచ్చట లోపము రెఫరీది కాదు, శిక్షాపరిమాణమును నిర్ణయించిన శాసనముది. ఈ భేదమును గ్రహింపక, శాసనముపై రావలసిన కోపమును ఈల పట్టినవానిపై చూపుట మన విమర్శలలో తరచుగా కనబడు దోషము.

బెంగుళూరు పాఠము

చిత్తూరునకు దగ్గరి మహానగరములలో నొకటైన బెంగుళూరులో, కంఠీరవ క్రీడాంగణమున, 2023 మార్చి 3న జరిగిన ఇండియన్ సూపర్ లీగు పోటీ గీతకు గాని తారతమ్యమునకు గాని చెందని మూడవ తెగ తగవునకు ఉదాహరణము. నియమితకాలమున గోల్స్ లేక అదనపు సమయములోనికి సాగిన యా యాటలో బెంగుళూరు జట్టునకు ఫ్రీకిక్కు లభింపగా, కేరళ బ్లాస్టర్స్ ఆటగాండ్రు అడ్డుగోడ కట్టుకొనుచుండగనే, గోలుకీపరు సిద్ధపడకమునుపే, ఛెత్రి బంతిని గోలులోనికి పంపెను. రెఫరీ గోలునిచ్చెను. బ్లాస్టర్స్ శిక్షకుడు వుకొమనోవిచ్ తన జట్టును మైదానమునుండి వెలుపలికి పిలిపించుకొనెను. ఆట యంతటితో ముగిసి గెలుపు బెంగుళూరునకు దక్కెను. సమాఖ్య బ్లాస్టర్స్‌పై 4 కోట్ల రూపాయల జరిమానాను, శిక్షకునిపై 10 పోటీల నిషేధమును విధించెను.

ఫ్రీకిక్కు తప్పు చేయబడిన పక్షమునకు ఇచ్చిన పరిహారము గనుక, తప్పు చేసినవారు సర్దుకొనువరకు ఆగవలసిన పని వారికి లేదు. ఇది శాసనపు సామాన్యసూత్రము. ఐతే రెఫరీ గోడను దూరమునకు జరుపుటకు పూనుకొని, తన ఈలకొరకు వేచియుండుడని సంజ్ఞ చేసినచో, ఆ పిమ్మట ఈల లేక తన్నరాదు. ఆనాటి వాదమంతయు ఈ రెండింటిలో ఏది జరిగినదన్న యొక్క విషయముచుట్టునే తిరిగెను. దీనిని నివారించునది కెమెరా కాదు, రెఫరీ చేతిసంజ్ఞలోని స్పష్టత. మైదానము వీడిపోవుటను మాత్రము ఏ వాదమును సమర్థింపజాలదు; తీర్పు నచ్చనివాడు ఆటనే త్యజింపగలిగినచో గెలుపోటములకు అర్థమే యుండదు.

తెలుగునాట ఈల పట్టినవారు

ఫుట్‌బాలు తెలుగువారికి పరాయి క్రీడ యనువారు హైదరాబాదు చరిత్రను మరచినవారు. ఉపాధ్యాయ వృత్తినుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పును గెలిచినది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణమును, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును పొందినది. సికింద్రాబాదు ప్రాంతపు తులసీదాస్ బలరాం ఆ తరపు అగ్రశ్రేణి ఆటగాండ్రలో నొకడు. 1962లో జకార్తాలో ఇజ్రాయేలు, తైవానుల బహిష్కరణను గూర్చి భారత ప్రతినిధి సోంధి చేసిన విమర్శకు కుపితులైన ప్రేక్షకులు తుదిపోటీ యంతయు భారతజట్టునకు విరోధముగా కేకలు వేయుచుండగా, మనవారు దక్షిణ కొరియాపై 2–1తో గెలిచిరి. గుంపు గొంతునకు లొంగకుండుట ఆటగానికిని రెఫరీకిని సమానముగా కావలసిన గుణమనుటకు అది నిదర్శనము.

రహీం కుమారుడైన సయ్యద్ షాహిద్ హకీం ఈ సమీక్షకు మరింత సన్నిహితుడు. 1960 రోమ్ ఒలింపిక్సు జట్టులో సభ్యుడును, వైమానిక దళమున స్క్వాడ్రన్ లీడరును ఐన ఆయన, పిమ్మట ఫిఫా గుర్తింపు పొందిన అంతర్జాతీయ రెఫరీగా 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్పులో ఈల పట్టెను. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారమును పొంది, 2021లో కీర్తిశేషుడయ్యెను. తిరుపతికి చేరువనున్న చెన్నపట్టణమునుండి కోమలీశ్వరన్ శంకర్ 2002 ప్రపంచకప్పులో సహాయక రెఫరీగా నియుక్తుడగుటయు స్మరణీయమే. ఆటగాండ్రుగా మనము చేరలేని వేదికకు రెఫరీగా చేరవచ్చునని ఆయన చూపెను. అయినను, ఈల పట్టు వృత్తిని లక్ష్యముగా పెట్టుకొనుమని మన కళాశాలలలో ఏ విద్యార్థికిని చెప్పువారు కానరారు.

యంత్రమునకు హద్దు

యంత్రమున్నంతమాత్రమున న్యాయము సిద్ధించునన్నది భ్రమ. 2023 సెప్టెంబరులో ఇంగ్లండు లీగులో టోటెన్‌హామ్‌తో నాడుచు లివర్‌పూల్ ఆటగాడు డియాజ్ చేసిన గోలును మైదానమున ఆఫ్‌సైడని కొట్టివేసిరి. వీడియో గదిలోనివారు చూచి అతడు ఆఫ్‌సైడు కాదని గుర్తించిరి. కాని మైదానమున గోలు ఇచ్చిరన్న భ్రాంతితో ‘పరిశీలన ముగిసినది’ అని మాత్రము చెప్పిరి. ఆట తిరిగి మొదలైన పిమ్మట తీర్పును మార్చుటకు శాసనము ఒప్పుకొనదు. కాటా సరిగనే చూపినది. దానిని చదివి చెప్పినవారి మాట తప్పినది.

మాట ప్రాధాన్యమును శాసనకర్తలు గ్రహించుచున్నారనుటకు చిహ్నములు లేకపోలేదు. 2023 మహిళల ప్రపంచకప్పులో వీడియో పరిశీలన ముగియగానే రెఫరీ తన నిర్ణయమును ధ్వనివర్ధకమున ప్రేక్షకులకు వినిపించెను. 2024 ఐరోపా పోటీలలో నాయకుడు మాత్రమే రెఫరీని సమీపించి కారణమడుగవలెనని కట్టడిచేసిరి. ఆటగాని మాటకు పూర్వపు గౌరవము మిగిలియున్నదనుటకును నిదర్శనములు కలవు: 2012లో ఇటలీలో నాపోలీతో నాడుచు క్లోజ్ అను ఆటగాడు తన చేతికి తగిలి గోలు పడినదని తానే ఒప్పుకొనగా, రెఫరీ ఆ గోలును రద్దుచేసెను. కొలంబియాలో పుట్టి పలు దేశములకు ప్రాకిన ‘ఫుట్‌బాల్3’ అను పద్ధతిలోనైతే రెఫరీయే యుండడు. జట్లు ముందుగా కూర్చుండి నియమములు ఒప్పుకొని, ఆడి, పిమ్మట మధ్యవర్తి సమక్షమున ఒండొరుల నడవడికి పాయింట్లు ఇచ్చుకొందురు. బిగువైన పోటీలకు ఇది తగకపోవచ్చును గాని, పిల్లలకు ఫౌలనగా నేమో నేర్పుటకు ఇంతకంటె మంచి బడి లేదు.

జిల్లా మైదానములకు

ఈ పరిశీలనవలన తేలునది యిది. గీతకు చెందిన ప్రశ్నలలో యంత్రమున్న చోట యంత్రమునకే తలవంచవలెను. లేనిచోట మనిషిని సరియైన స్థానమున నిలుపవలెను. తారతమ్య ప్రశ్నలలో ఏకైక సత్యమును వెదకుట వ్యర్థము. అచ్చట రెఫరీనుండి కోరదగినది రెండు పక్షములకు ఒకే కొలబద్ద, మొదటి నిమిషమునను తొంబదవ నిమిషమునను ఒకే కొలబద్ద. పదవ నిమిషమున విడిచిన లాగుడును పెనాల్టీ పెట్టెలో ఎనుబదవ నిమిషమున పట్టుకొనినచో, రెండును విడివిడిగా సమర్థనీయములైనను, కలిపి చూచినపుడు అన్యాయమగును.

తిరుపతి చిత్తూరు మైదానములకు వీఏఆర్ రాదు, రావలసిన యవసరమును లేదు. చేయదగిన పనులు స్వల్పవ్యయములు. పోటీకి ముందు రెండు జట్ల నాయకులను పిలిచి, తాకిడి విషయమున తన కొలబద్ద యేమో రెఫరీ రెండు మాటలలో చెప్పవలెను. జెండా పట్టు పిల్లలకు చివరి రక్షకునితో సమముగా కదలుట నేర్పవలెను. ప్రేక్షకులను గీతకు నాలుగు గజముల వెనుకకు జరుపుటకు త్రాడు కట్టవలెను. తీర్పును ప్రశ్నించు హక్కును నాయకునికి మాత్రమే యిచ్చి, అడిగినపుడు ‘అజాగ్రత్త’, ‘తెంపరితనము’ అని యొక్క మాటలో కారణము చెప్పవలెను. నేడు ప్రతి ప్రేక్షకుని చేతను నున్న సెల్‌ఫోను తీయు చిత్రమును ఆట నడుమ రెఫరీ ముఖముపై చాచుట అనుచితము. ఆట ముగిసిన మరునాడు అదే చిత్రమును రెఫరీ, జెండా పట్టిన పిల్లలు, రెండు జట్ల నాయకులు కలిసి సహజవేగమున చూచి, ఈల యెచ్చట ఊదవలసియుండెనో చర్చించుకొనుట విద్యాభ్యాసము. వ్యాయామోపాధ్యాయులు ఏటేట నియమముల మార్పులను చదివి, పోటీలకు ముందు ఒక పూట తమలో తాము ఇట్టి చర్చ జరుపుకొనినచో, వచ్చు తరములో హకీమువలె ఈల పట్టగలవాడు రాయలసీమనుండియు బయలుదేరుట అసంభవము కాదు.